అక్క కోళ్ళు

ఫారం లోపల నుంచి, కోరుకొండ దగ్గర
అక్టోబరు 4

ప్రియమైన దుర్గకి,

క్షేమంగా చేరాను. చేరాను అనడం కంటే లోపల పడ్డాను అంటే సరిగ్గా ఉంటుంది. గేటు దగ్గరే ఫోను తీసుకుని, కవర్లో పెట్టి, పేరు రాసి బీరువాలో పడేశారు. ఫోను మీద క్రిములుంటాయట. ఉంటాయి, కాదనను. ఫొటోలు కూడా తీస్తుంది కదా, అసలు భయం దానికేనని నా అనుమానం. ఆఫీసులో ఒక ఫోనుంది గానీ, మేనేజరు రమేష్ బాబు గారి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. ఆయన మొహం చూస్తూ నీతో ఏం మాట్లాడను? అందుకని పెళ్ళైన కొత్తలో నువ్వు పుట్టింట్లో ఉన్నప్పటిలా మళ్ళీ కాగితం పట్టుకున్నాను.

లోపలికి రావాలంటే తలస్నానం చేసి, మన బట్టలు విడిచి, వాళ్ళిచ్చినవి కట్టుకోవాలి. ఇక్కడున్నవి మామూలు కోళ్ళు కావు, ఊళ్ళలోని ఫారాలకి పోయే కోడిపిల్లలకి తల్లులు. ఒక్క తల్లికి జబ్బు చేస్తే పిల్లలు పోయిన ఊరల్లా చుట్టబెడుతుంది. అందుకే బ్యాచి అయ్యేదాకా కోళ్ళతో పాటు మనుషులూ లోపలే. సెలవు ఇస్తే వెళ్ళాలి, లేకపోతే లేదు.

బయటి నుంచి ఏ వస్తువొచ్చినా క్రిములు చావడానికి ఒక పెట్టెలో పెట్టి ఫార్మాలిన్ పొగ పడతారు. నీ ఉత్తరం కూడా అందులో ఆరాకే నా చేతికొస్తుంది. చదువుతుంటే నా కళ్ళు చెమర్చాయని ఎవరైనా చెప్తే మురిసిపోకు, అది పొగ. పెట్టెలో పెట్టేముందు ఆఫీసు వాళ్ళు విప్పి చదువుతారు. వెళ్ళేవీ, వచ్చేవీ రెండూ. దానికీ సంతకం పెట్టాను. కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయి.

ఇంకో రూలుంది, నీకు ముందే చెప్పాను కానీ మళ్ళీ చెప్తున్నాను. ఇక్కడ పనిచేసేవాడి ఇంట్లో రెక్క ఉన్న జీవి ఏదీ ఉండకూడదు. పోయిన నెల ఒకతని కూతురు లవ్ బర్డ్స్ పంజరం కొనుక్కుందని తెలిసి, తింటున్న కంచం ముందు నుంచి లేపి గేటు బయట పెట్టారట. మన షెడ్డు ఎలాగూ ఖాళీయే కదా. నిరుడు జబ్బొచ్చి కోళ్ళన్నిటినీ గోతిలో పూడ్చిన రోజునే నేను ఒట్టు పెట్టుకున్నాను, మళ్ళీ సొంతంగా కోడి జోలికి పోనని. జీతం రాళ్ళకి వాళ్ళ కోళ్ళని చూసుకోవడమే సుఖం.

నాకిచ్చింది నాలుగో షెడ్డు. అందులో మందులు మానేసి మేతలో మొక్కల పొడి కలిపి చూస్తున్నారు. వెల్లుల్లి, వాము, పసుపు, నేల ఉసిరి. కోడి పేగు బాగుంటే కోడి బాగుంటుంది, దాన్ని మందులతో కాల్చకుండా మొక్కలతో కాపాడాలి అని కంపెనీ వాదన. షెడ్డులో అడుగు పెడితే బాలింతరాలి గదిలోకి వచ్చినట్టుంది. నాకు ఈ వాదన నచ్చింది. మన కోళ్ళకి మనం ఎన్ని సీసాలు పోశామో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గోంగూర పచ్చడి సీసా సీలు వేసి పంపితే రానిస్తారట. పంపు.

నీ
గణేష్‌బాబు


ఇంటి నుంచి
అక్టోబరు 15

ప్రియమైన మా ఆయనకి,

మీ ఉత్తరం అందింది. పెళ్ళైన కొత్తలో రాసినవాటిలో ఇన్ని రూళ్ళు లేవు. సరే, ఒళ్ళు దగ్గర పెట్టుకునే రాస్తున్నాను.

మీ కంపెనీ మనిషి ఇల్లు తనిఖీకి వచ్చాడు. పెరడు, అటక, ఆఖరికి బియ్యం డ్రమ్ము వెనక కూడా చూశాడు. బియ్యం డ్రమ్ము వెనక కోడిని ఎవరు దాస్తారండీ అన్నాను. నవ్వాడు పాపం, కాఫీ తాగాడు. కొబ్బరితోట చివర మన పాత షెడ్డు సంగతి అడిగితే కొబ్బరి పీచు పెట్టుకున్నామని చెప్పాను. వాన పడుతోంది, అంతదూరం బురదలో నడవలేక తల ఊపి సంతకం పెట్టుకుని వెళ్ళాడు. రాజమండ్రి హాస్టల్లో మన సత్యశ్రీ బాగానే ఉంది, నాన్న జైల్లో ఉన్నాడా ఉద్యోగంలో ఉన్నాడా అని అడిగింది. తిట్టాను.

ఒక కబురు. మా రత్నమాణిక్యం అక్క నాటుకోళ్ళు పెట్టింది. పిల్లలు దిగాయి, ఊక పరిచింది, బల్బులు కట్టింది. ఏంటక్కా ఈ వయసులో అంటే, ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతోందే అంది. ఆ మాట నిజమేననిపించింది నాకు. మగవాడు పొద్దున్నే పనికి పోతాడు, ఖాళీ షెడ్డు వంక చూస్తూ కూర్చునేది ఆడదే కదా. నేను మాత్రం కంచె బయట నిలబడే మాట్లాడి వస్తున్నాను, మీరు కంగారు పడకండి.

అక్క ఒక సంగతి అడగమంది. పొద్దున్నే చూస్తే రెట్ట పల్చగా ఉంటోందట. మేత తింటున్నాయి, మెడలు వాల్చడం లేదు. ఇప్పటికి దుకాణంలో ఇచ్చిన మందు నీళ్ళలో కలుపుతోంది. మీ బాలింత మందు ఏదో ఉందిగా, అది పనిచేస్తుందా? మీరు ఎలా చెప్తే అలా చేస్తానంది. నా మాటైతే వినదు గానీ మీ మాట వేదం తనకి.

పచ్చడి పంపుతున్నాను. కాస్త కారం తగ్గించాను, లోపల నీళ్ళు ఎలాంటివో తెలీదుగా.

మీ
దుర్గ


ఫారం లోపల నుంచి
అక్టోబరు 27

ప్రియమైన దుర్గకి,

పచ్చడి పొగ వాసన వేస్తోంది, అయినా సీసా సగానికొచ్చింది.

వదిన గారు కోళ్ళు పెట్టారంటే నమ్మలేకపోయాను. ఆవిడ కోడిని కూరలో తప్ప చూడగా నేను ఎరగను. సరే, సలహా అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఊక తడవనివ్వొద్దు. నీళ్ళ తొట్ల చుట్టూ ముద్దైన ఊక ఏ రోజుది ఆ రోజు తీసి పారేసి, సున్నం చల్లి కొత్తది వెయ్యాలి. మేతలో మా కంపెనీ పొడి కలపమను, ఈ నెల నుంచే మన వైపు దుకాణాలకి వస్తోంది. ఇక మందు సీసాల జోలికి పోవద్దని చెప్పు. రెండూ కలిపితే మందు పేగుని పాడుచేస్తుంది, పొడి ఖర్చు దండగ. మా నాలుగో షెడ్డులో ఒక్క చుక్క మందు లేకుండా కోళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి. నా కళ్ళతో చూసి చెప్తున్నాను.

నిన్న నన్ను ఫొటో తీశారు. చంకలో ఒక పెట్ట, చేతిలో పొడి ప్యాకెట్టు. రైతుకి రైతే చెప్పాలి, డాక్టర్లు చెప్తే ఎవరు వింటారు అని రమేష్ బాబు గారు అన్నారు. జుట్టుకి రంగు వేసుకోలేదండీ అంటే అలాగే సహజంగా ఉంటుందన్నారు. ఇన్నేళ్ళు కోళ్ళు పెంచి నష్టపోయిన మొహాన్ని ఎవరైనా ఫొటో తీస్తారని అనుకోలేదు. నిజం చెప్పొద్దూ, ఆనందంగానే ఉంది.

నవంబరు మధ్యలో సెలవు ఇస్తామన్నారు. చేపల పులుసు పెట్టు.

నీ
గణేష్‌బాబు


ఇంటి నుంచి
నవంబరు 9

ప్రియమైన ఫొటో గారికి,

మిమ్మల్ని సొసైటీ గోడకి అంటించారు. అంత ఎత్తున. ఎరువుల కోసం వచ్చిన వాళ్ళంతా మీ ముందే క్యూ కడుతున్నారు. మీకంటే చంకలో కోడే బాగా పడింది. కింద పెద్ద అక్షరాలతో రాశారు: "ఒక్క చుక్క మందు లేకుండా – మీలాంటి రైతు గణేష్‌బాబు గారి మాట."

రోజూ ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడుగుతున్నారు, నిజమేనా అని. పక్కవీధి వీరవేణి కూడా కోళ్ళు పెంచుతోంది కదా, వచ్చి కూర్చుంది. మా ఆయన కోపంగా మాట్లాడతారు గానీ అబద్ధం మాట్లాడరు, వాడుకో అన్నాను. అది అప్పటికప్పుడు వెళ్ళి తెచ్చుకుంది. అది పొడి తెచ్చుకుందని ఇంకో నలుగురు తెచ్చుకున్నారు.

అక్క కూడా మీరు చెప్పినట్టే మందు పూర్తిగా మానేసి పొడి మీదే ఉంది. మొదటి వారం రెట్ట గట్టిపడింది, మేత బాగా లాగించాయి. షెడ్డంతా వాము వాసన. పిల్లలు ఒళ్ళు చేశాయి, రెక్కలు నిగనిగలాడుతున్నాయి. కంచె బయట నుంచే చూశాను లెండి.

ఈ తుఫాను వాన ఒకటి వదలడం లేదు. ఊక ఎంత మార్చినా చెమ్మ పోవడం లేదని అక్క గొణుగుతోంది. మీరు వస్తే ఒకసారి చూసి చెప్తారు కదా అని ఎదురుచూస్తోంది. నేనూ ఎదురుచూస్తున్నాను, అది వేరే సంగతి.

మీ
దుర్గ


ఫారం లోపల నుంచి
నవంబరు 20

ప్రియమైన దుర్గకి,

నేను క్షేమం. సెలవు రద్దయింది. పక్క మండలంలో కోళ్ళ జబ్బు కనపడిందని గవర్నమెంటు వాళ్ళు హెచ్చరిక ఇచ్చారు. హెచ్చరిక ఎత్తేసేదాకా ఎవరూ లోపలికి రాకూడదు, ఎవరూ బయటికి పోకూడదు.

ఇక్కడ అంతా బాగుంది. పొడి చాలా బాగా పనిచేస్తోంది. రైతు సోదరులందరూ నిస్సందేహంగా వాడవచ్చు. మేనేజరు గారు మమ్మల్ని బాగా చూసుకుంటున్నారు.

వదిన గారిని అడిగానని చెప్పు.

నీ
గణేష్‌బాబు


(పంపనిది)
నవంబరు 21

దుర్గా,

ఇది నీకు రాదు. పెట్టెలో పెట్టేది కాదు కాబట్టి ఎవరూ చదవరు. రాసి దిండు గలేబులో పెట్టుకుంటాను. నీతో చెప్పకుండా ఏదీ మింగడం నాకు అలవాటు లేదు, అందుకని రాస్తున్నాను.

నిన్న రాసిన ఉత్తరం నాది కాదు. "రైతు సోదరులందరూ" అని నేనెప్పుడైనా నీతో మాట్లాడానా? రమేష్ బాబు గారు పక్కన నిలబడితే రాశాను.

నీకు ముందు రాసినప్పుడు నేను నమ్మే రాశాను. ఆ తర్వాత తుఫాను వానలు పట్టుకున్నాయి. నాలుగో షెడ్డులో కోళ్ళు మేత వదిలేశాయి, రెట్ట నీళ్ళైపోయింది, కొన్ని పడిపోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే పేగు లోపలంతా తువ్వాలులా గరుకు తేలి ఉంది. పరుగెత్తుకెళ్ళి చెప్పాను. మర్నాటికి కోళ్ళు లేచి తిరుగుతున్నాయి. పొడి మహిమ అనుకుని చేతులు జోడించబోయాను. పంపు గది వెనక మందు డబ్బాలు కనపడ్డాయి. నీళ్ళ ట్యాంకులో కలిపారు. అంతకుముందు కూడా, సాయంత్రం నన్ను షెడ్డు నుంచి పంపించేశాక, నాకు తెలియకుండా కలిపేవాళ్ళట. నేను చూసిన గుండ్రాళ్ళు ఆ మందువి.

అడిగాను. ఆయన కోప్పడలేదు. "పొడి మంచిదే గణేష్‌బాబు గారూ. బాగున్న కోడి ఇంకా బాగుండటానికి పనికొస్తుంది. జబ్బు పడ్డాక మందు కావాలి, చిన్నపిల్లాడికైనా తెలుసు. ఇందులో మనం ఆడిన అబద్ధం ఏముంది?" అన్నారు. నా ఫొటో కింద ఒక్క చుక్క మందు లేకుండా అని రాశారు కదండీ అన్నాను. "అది ప్రకటన" అన్నారు. ఆయన మాటలో సగం నిజముంది, అదే నన్ను చంపుతోంది. పొడి మంచిదే. మందు మానెయ్యమన్నదే తప్పు. మానెయ్యమన్నది నా నోరు.

నన్ను బయటికి పంపమన్నాను. హెచ్చరిక ఉంది కదా, మీరు వెళ్ళి జబ్బు మోసుకొస్తే ఎవరు జవాబుదారీ అన్నారు. అప్పుడొక అబద్ధం ఆడాను. మా ఇంట్లో కోళ్ళున్నాయండీ, నన్ను తీసెయ్యండి అన్నాను. సొరుగు తీసి తనిఖీ కాగితం చూపించారు. ఇంట్లో ఈక ముక్క కూడా కనపడలేదని రాసి ఉంది. "మీ ఆవిడ ఎంత పద్ధతైన మనిషో చూడండి, ఆవిడ పరువు తియ్యకండి" అని నవ్వారు. నీ పద్ధతి ఇంత పని చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

గోడ దూకొచ్చు. ఒంటి మీద ఈ షెడ్డు క్రిములతో బస్సెక్కి మన ఊరు రావడం ఏ మనిషీ చెయ్యకూడని పని. దాని మీద ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, నీ దగ్గర దాచను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ట్యాంకు మెట్ల మీద నిలబడితే కోరుకొండ గుడి కనపడుతుంది. జనం కొండెక్కుతూ దిగుతూ ఉంటారు. వాళ్ళలో ఒక్కడు ఇటు వినేట్టుంటే అరిచి చెప్పాలనిపిస్తుంది, సొసైటీ గోడ మీద ఉన్నవాడు అబద్ధాలకోరని. వదిన ఆ పొడి ఒక్కదాన్నే నమ్ముకుని ఉంది. వీరవేణి ఉంది. మా ఆయన అబద్ధం చెప్పరు అని నువ్వు రాసిన ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు.

గణేష్


ఇంటి నుంచి
నవంబరు 29

ప్రియమైన మీకు,

వేళాకోళానికి తీరిక లేదు, సూటిగా రాస్తున్నాను. అక్క కోళ్ళకి రక్తపారుడు పట్టుకుంది. ఊక మీద ఎక్కడ చూసినా ఎర్రటి చుక్కలు. రెక్కలు వేలాడేసి మూలలకి చేరుతున్నాయి. నిన్న పొద్దున్న బుట్టెడు తీసి పూడ్చింది. ఇవాళ ఇంకో బుట్ట.

పొడి రెట్టింపు వేసింది. తగ్గలేదు. మందు పొయ్యమంటారా, వద్దా? పోస్తే పేగు పాడైపోతుందని మీరే రాశారు, అందుకని చేతిలో సీసా పట్టుకుని కూడా పొయ్యకుండా నిలబడి ఉంది. అంత నమ్మకం మీ మాట మీద. మీ షెడ్డులో ఇలాంటిది వచ్చినప్పుడు ఏం చేశారో ఒక్క ముక్క రాయండి.

మొన్నటి మీ ఉత్తరం ఎవరు రాశారండీ? మీరైతే కాదు.

మీ
దుర్గ


ఫారం లోపల నుంచి
డిసెంబరు 3

ప్రియమైన దుర్గకి,

వదిన కోళ్ళ సంగతి చదివి బాధ కలిగింది. కంపెనీ పొడి గురించి ఆవిడ మనసులో ఏ సందేహమూ పెట్టుకోవద్దని చెప్పు. అది అచ్చం మన ముసలయ్య గారి మందు లాంటిది. మన మొదటి బ్యాచికి ముసలయ్య గారి మందు ఎంత గొప్పగా పనిచేసిందో నీకు గుర్తుండే ఉంటుంది. అంత నమ్మకంగానూ వాడమను. ముసలయ్య గారి మందు వాడాక మనం వెంటనే ఏం చేశామో, ఆవిణ్ణి కూడా సరిగ్గా అదే చెయ్యమను. ఆలస్యం చెయ్యొద్దు.

వీరవేణికీ, ఇంకా మన మాట విన్న అందరికీ ఇదే చెప్పు.

ఇక్కడ మా షెడ్డులో అంతా బాగుంది. మేనేజరు గారు మమ్మల్ని బాగా చూసుకుంటున్నారు.

నీ
గణేష్


ఇంటి నుంచి
డిసెంబరు 10

ప్రియమైన మా ఆయనకి, ఆయన కంటే ముందు ఈ ఉత్తరం విప్పిన మేనేజరు రమేష్ బాబు గారికి,

నమస్కారం. ఇద్దరూ చదవండి. ఈసారి ఎవరికీ భయపడి రాయడం లేదు.

ముందు మేనేజరు గారికి ముసలయ్య ఎవరో చెప్పాలి, మీరు ఆయన్ని పెద్ద వైద్యుడు అనుకుని ఆ ఉత్తరం పంపించినట్టున్నారు. మేము మొదటిసారి కోళ్ళు పెట్టినప్పుడు మందులన్నీ మానిపించి ఆకు పసరు పోయించిన మహానుభావుడు. వారం తిరక్కుండా షెడ్డు ఊడ్చుకుపోయింది. మిగిలినవాటిని బుట్టలో వేసుకుని పశువుల ఆస్పత్రికి పరుగెత్తాం. ఆ పేరు చదవగానే మా ఆయన ఏం చెప్తున్నారో, ఎందుకు అలా చెప్తున్నారో రెండూ అర్థమయ్యాయి. అప్పటికప్పుడు చచ్చిన కోడిని సంచీలో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

డాక్టరు గారు కోసి చూశారు. పొడి తప్పేం కాదమ్మా, దానితో ఇది ఆగుతుందని మందు మానడం తప్పు అన్నారు. మా ఆయన షెడ్డులో ఒక్క చుక్క మందు లేకుండా ఆగిందటండీ అన్నాను. వాళ్ళ నీళ్ళ తొట్టిలో ఏముందో అడిగి చూడమన్నారు. ఇదిగో అడుగుతున్నాను మేనేజరు గారూ. జవాబు నాకు రాయక్కర్లేదు.

ఏమండీ, ఇప్పుడు మీకు చెప్పాల్సింది. కోళ్ళు అక్కవి కావు. మనవి. అక్కకి కోడి అంటే కూరే, మీరు సరిగ్గానే అన్నారు. మీరు గేటు లోపలికి వెళ్ళిన వారానికే నేను పిల్లల్ని దింపాను. తనిఖీ ఆయన కాఫీ తాగుతుంటే తోట చివర మన షెడ్డులో పీచు కాదు, కోడిపిల్లలున్నాయి. వాన జోరులో వాటి అరుపులు వినపడలేదు, అంతే. మీరు ఒట్టు పెట్టుకున్నారు గానీ నేను పెట్టుకోలేదుగా. ఆ ఖాళీ షెడ్డు పక్కన బతకడం నావల్ల కాలేదు. మీతో చెప్తే ఆఫీసు వాళ్ళు చదువుతారు, మీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మీ సలహా దొరకదు. అక్క పేరు పెట్టుకుని అడిగాను. మీరు వాళ్ళకి భయపడి ఒక అబద్ధం రాశారు, నేనూ వాళ్ళకి భయపడి ఒక అబద్ధం రాశాను. మధ్యలో మన కోళ్ళు చచ్చాయి. సగం కూడా మిగల్లేదు. మిగిలినవి మందు తాగి నెమ్మదిగా మేత పొడుస్తున్నాయి.

ఆస్పత్రి నుంచి సరాసరి సొసైటీకి వెళ్ళి అందరికీ చెప్పాను, పొడి వేస్తే వెయ్యండి కానీ మందు మానకండి అని. మీ గోడ బొమ్మ కిందే నిలబడి చెప్పాను. ఎవరూ వినలేదు. "ఆయన ఫొటో ఇచ్చి మరీ చెప్తుంటే నువ్వేంటమ్మా" అన్నారు. వీరవేణి మొహమాటానికి తల ఊపి వెళ్ళిపోయింది. దాని షెడ్డులో నిన్నటి నుంచి రక్తం పడుతోంది, ఇంకా పొడే వేస్తోంది. మీ మొహం ముందు నా నోరు పనిచెయ్యడం లేదు. ఆ మొహాన్ని గోడ మీంచి మీరే వచ్చి దింపాలి.

సోమవారం కోరుకొండ దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో మీ గేటు దగ్గరికి వచ్చాను. మీకెవరూ చెప్పి ఉండరు. కాపలా అప్పారావు గారు మంచాయన, కుర్చీ వేశారు. సున్నం గీతకి ఇవతలే కూర్చున్నాను. ఆయన ఆపి కాదు. నా కాళ్ళకి మన షెడ్డు ఊక ఎక్కడైనా అంటుకుని ఉంటే లోపల మీరు పెంచుతున్న తల్లికోళ్ళు ఏమైపోతాయోనని. సాయంత్రం దాకా కూర్చున్నాను. లోపల ఎవరో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కి కొండ వైపు చూస్తూ నిలబడ్డారు. ఆ నడుం మీద చేతులు చూసి మీరేనని పోల్చుకున్నాను. పిలిస్తే వినపడే దూరం కాదు. తిరిగి వచ్చేశాను. అంత ఏడుపు నిరుడు కోళ్ళని పూడ్చినప్పుడు కూడా నాకు రాలేదు.

మేనేజరు గారూ, మీ రూలు ఏంటో మా ఆయన మొదటి ఉత్తరంలోనే రాశారు. మా ఇంట్లో కోళ్ళున్నాయి. ఈయన మీ దగ్గర చేరిన వారం నుంచీ ఉన్నాయి. ఆయన తింటున్న గోంగూర పచ్చడి ఆ కోళ్ళని పట్టుకున్న చేతులతో రుబ్బిందే. ఆస్పత్రి చీటీ నా పేరు మీద ఉంది, దీంతో జత చేశాను. అబద్ధం అనుకుంటే మళ్ళీ మనిషిని పంపండి, ఈసారి బురదలో నేనే తీసుకెళ్ళి చూపిస్తాను. ఈ ఉత్తరం చించి పారేసి ఊరుకుందామనుకుంటారేమో. ఇదే ఉత్తరం ఇంకోటి రాసి, కోళ్ళున్న ఇంటి మనిషిని ఇంత హెచ్చరికలో తల్లికోళ్ళ మధ్య ఉంచుకున్నారని పశువుల డాక్టరు గారికి శుక్రవారం ఇస్తాను. కాబట్టి లవ్ బర్డ్స్ ఆయన్ని లేపినట్టే మా ఆయన్ని కూడా కంచం ముందు నుంచి లేపెయ్యండి. తప్పు ఆయనది కాదు, నాది. సంతకం కావాలంటే పెడతాను.

ఏమండీ, ఉద్యోగం పోతుంది. తెలిసే రాశాను. మీ గురించి నలుగురూ నాలుగు మాటలంటారు. అదీ తెలుసు. వచ్చేటప్పుడు అక్కడే ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, మీ బట్టలు మీరు కట్టుకుని రండి. బస్సు దిగగానే సొసైటీ దగ్గర ఆగండి. జనం ఉన్నప్పుడే రండి. ఆ గోడ ముందు నిలబడి, మీ నోటితో మీరే, మందు మానమన్నది తప్పని చెప్పండి. ఎవరైనా చచ్చిన కోడిని మీ కాళ్ళ దగ్గర పడేస్తే పడెయ్యనివ్వండి. వీరవేణి ఇంటికి కూడా వెళ్ళి, ఆ తర్వాత మన వీధిలోకి రండి.

చెప్పకుండా వస్తే మాత్రం నేను తలుపు తియ్యను.

మీ
వెంకటదుర్గ